గొంతుబండికి రెండో బ్యాటరీ

బహుళ అష్టమి

నా తర్వాత ఈ బండి మూత తెరవబోయేవారు ఎవరైనా సరే, ముందుగా ఉంగరాలు, గాజులు, మెడలోని గొలుసు తీసి పక్కన పెట్టండి. బ్యాటరీ రెండు తలల మధ్య ఇత్తడి గాజు ఒకటి పడితే అది ఇక గాజుగా ఉండదు, మణికట్టుకు వాత అవుతుంది.

నేను గాజులు విప్పి రుమాలులో కట్టడం చూసి కట్టపెద్ద గవర్రాజు గారు నొసలు ముడిచారు.

"పని మొదలెట్టకుండానే మూట కడతన్నారేటండీ? ఉండటానికొచ్చారా, ఉడాయించడానికొచ్చారా?"

"ఉండటానికేనండీ. కావాలంటే మూట మీ దగ్గరే ఉంచుకోండి."

ఆయన నిజంగానే తీసుకుని మొలలో దోపుకున్నారు. నేను తప్పు పట్టలేదు. మనిషి గొంతును యంత్రం అచ్చుగా దింపడం నేర్చుకున్న తర్వాత ఈ డెల్టాలో మిగిలిన మర్యాద ఇదే. ఎక్కడి నుంచో వచ్చిన నకిలీ గొంతు ప్రకటన విని లంకలు ఖాళీ చేసి, తిరిగి వచ్చేసరికి ఇళ్ళకు తలుపులు కూడా మిగలని వాళ్ళ మనుమలు వీళ్ళు. గాలిలో వచ్చిన మాటను, తీగలో వచ్చిన మాటను ఇక్కడ ఎవరూ నమ్మరు. పోటు పొంగుతుందని చెప్పాలంటే మనిషే బండెక్కి కట్ట మీద తిరుగుతూ, లంక లంకకూ వినిపించేలా సొంత నోటితో చెప్పాలి. అదే గొంతుబండి. అమావాస్య పోటు ఈసారి గాలితో కలిసి రావచ్చునని తూర్పు దిబ్బవారి అంచనా. దూరపు లంకలకు చేరేలోపు పాత బ్యాటరీ నీరసిస్తోంది గనుక, రెండోది అమర్చమని కట్టల సంఘం నన్ను పంపింది.

చేసిన పని: ఇంజను దగ్గరి మొదటి బ్యాటరీకి జోడుగా, అదే రకానిది, అదే వయసుది, వెనక భాగంలో గాలి ఆడే పెట్టెలో బిగించాను. రెంటినీ కలిపే లావు తీగకు రెండు చివరలా, బ్యాటరీ తల నుంచి జానెడు దాటకుండా, ఒక్కొక్క ఫ్యూజు పెట్టాను. ఒక చివరే పెడితే చాలదు. తీగకు రెండువైపులా బలం ఉంది, కనుక రెండువైపులా కాపలా ఉండాలి. ఇనుప రేకులో తీగ దూరే రంధ్రానికి, అంచుకు తీగ ఒరుసుకోకుండా, రబ్బరు బుష్ తొడిగాను. ఎర్తు తీగ కింద రంగు గీకి, ఇనుము మెరిసేదాకా తోమాను. ఇంజను తిరుగుతున్నప్పుడు మాత్రమే రెండు బ్యాటరీలూ కలిసేలా నడుమ రిలే ఉంచాను.

పని చేస్తున్నంతసేపూ గొంతు నూకరత్నం గారు ముక్కాలిపీట వేసుకుని పక్కనే కూర్చున్నారు. ఇక్కడ ప్రకటన చెప్పే మనిషిని గొంతు అనే పిలుస్తారు. నలభై దాటిన మనిషి. మాట్లాడితే ఆ మాట ఇసుకలో నీళ్ళు ఇంకినట్టు, వినేవాళ్ళలోకి నెమ్మదిగా దిగుతుంది.

"వేణి గారూ, ఇందులో గొంతును ఆపేసేది ఏదండీ?"

ఇంత శ్రద్ధగా అడిగేవారు నాకు అరుదుగా దొరుకుతారు. ఫ్యూజు చూపించాను. కరెంటు మితిమీరితే తీగ కాలకముందే తాను తెగిపోతుందని చెప్పాను. రిలే చూపించి, ఇది కలిపేది, అవసరం లేనప్పుడు విడదీసేది అన్నాను. ఆవిడ రెంటినీ చాలాసేపు చూశారు.

డ్రైవరు ఏసుపాదం మాత్రం దూరం నుంచే కేక వేశాడు. "మేడమ్ గారూ, తీగ కలిపినోళ్ళు మొదటి తిరుగుడులో బండెక్కాలండీ, ఇది మా ఆచారం! ఒక్క స్క్రూ వదులున్నా ముందు మీ సీటే కాలుద్ది!"

"మంచి ఆచారం" అన్నాను. నిజంగానే మంచిది.

నవమి

ఉదయం మీటరు పెట్టి చూస్తే రెండో బ్యాటరీ పన్నెండు వోల్టుల కిందకు జారి ఉంది. నిన్న పూర్తిగా నింపి, ఆంప్లిఫయరు ఆపి, షెడ్డు మూయించి వెళ్ళాను. నిలబడి ఉన్న బండి ఏమీ తినకూడదు.

తీగలను ఒక్కొక్కటిగా విప్పుతూ, ఎక్కడ విప్పితే కరెంటు కారడం ఆగుతుందో చూశాను. ఆంప్లిఫయరు తీగ విప్పగానే ఆగింది. అంటే దానిని ఎవరో ఆన్ చేసి వదిలారు. షెడ్డు తాళంచెవులు రెండే. ఒకటి నూకరత్నం గారి దగ్గర, ఒకటి ఏసుపాదం దగ్గర.

గొంతును ఎవరూ అనుమానించరు. మాట్లాడేది అచ్చు గొంతు కాదని తేలడానికి కన్నతల్లిని కూడా వేళ్ళు చూపించి ఎన్నో చెప్పమనే ఈ దిబ్బ మీద, అనుమానం దరిచేరని మనిషి ఒక్కరే ఉంటారు. అందుకని నేనూ ఏసుపాదాన్నే అడిగాను.

"నేను స్టీరింగు తప్ప ఇంకోటి ముట్టుకోనండీ. ముట్టుకుంటే గొంతు గారు నన్నే మైకులో తిడతారు. కట్ట పొడుగునా వినపడుద్ది."

నవ్వుతూనే అన్నాడు. కానీ నా చేతిలోని మీటరును చూస్తూ అన్నాడు, నన్ను చూస్తూ కాదు. అది గుర్తు పెట్టుకున్నాను. బ్యాటరీ పెట్టె మూతకూ, రిలే మూతకూ లక్కతో ముద్ర వేసి, నా బొటనవేలు అచ్చు గుద్దాను.

ఏకాదశి

బండి స్టార్టు కాలేదు. తాళం తిప్పితే గొంతు పట్టినవాడి దగ్గులా ఒక చప్పుడు వచ్చి ఆగింది. మొదటి బ్యాటరీ కూడా ఖాళీ! రిలే సరిగా ఉంటే ఇది జరగదు. వెనకది చచ్చినా ముందుది బతికే ఉండాలి, దానికోసమేగా రిలే.

లక్క ముద్రలు చూడటానికి చెక్కుచెదరలేదు. దగ్గరగా చూస్తే నా వేలి గీతలు మెత్తబడి ఉన్నాయి. కరిగించి, మళ్ళీ అతికించారు. ఓపికగల చెయ్యి.

రిలే మూత తీశాను. దాని రెండు కాళ్ళనూ ఒక తీగముక్కతో కలిపేశారు. ఇక అది రిలే కాదు, అలంకారం. పెట్టెలో ఫ్యూజు గూడు విప్పితే ఫ్యూజు లేదు. దాని స్థానంలో సుత్తితో సాగగొట్టిన రాగి బద్ద, వదులు కాకుండా కింద ఏదో నల్లటి మెత్తటి ముక్క కుక్కి ఉన్నాయి. ముందు చివరనా అంతే.

నాకు అప్పుడు నిజంగా భయం వేసింది. ఫ్యూజు పీకేసినవాడు దొంగ కావచ్చు. కానీ దాని చోట రాగి పెట్టినవాడికి బండి నడవాలి, నడుస్తూ నడుస్తూ కాలిపోవాలి అని నేను అర్థం చేసుకున్నాను. ఆంప్లిఫయరు ఉన్నది సరిగ్గా గొంతు కూర్చునే సీటు కింద.

గవర్రాజు గారికి చూపించాను. ఆయన రాగి బద్దను అరచేతిలో తూచి, "సుత్తి ఎవరి దగ్గరుంది?" అని అడిగారు.

సుత్తి బండి పనిముట్ల సంచిలో ఉంది. సంచి ఏసుపాదానిది.

ద్వాదశి

రాగి బద్దలు తీసి కొత్త ఫ్యూజులు వేశాను. రెండు బ్యాటరీలనూ వేరువేరుగా నింపడానికి పెట్టి, లావు తీగను మొదటి నుంచి చివరిదాకా చేత్తో తడిమి చూశాను. రేకు రంధ్రం దగ్గర రబ్బరు బుష్ జరిగి, తీగ పైతొడుగు ఇనుము అంచుకు ఒరిసి పలచబడింది. ఎవరో తీగను కదిపి సర్దే తొందరలో బుష్‌ను పట్టించుకోలేదు. గతుకుల కట్ట మీద ఒక్కసారి తిరిగి వచ్చి ఉంటే రాగి ఇనుమును తాకేది. ఫ్యూజు ఉంటే టప్పున తెగి ఊరుకునేది. రాగి బద్ద ఊరుకోదు.

సాయంత్రం పంచాయితీ పెట్టారు. ఏసుపాదాన్ని నిలబెట్టి గవర్రాజు గారు అడిగారు.

"నకిలీ గొంతులోళ్ళు నీకేం పెట్టార్రా?"

"ఏం పెట్టలేదండీ. పెట్టుంటే ఈ చెప్పులేసుకుని తిరుగుతానా?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అతను నావైపు తిరిగాడు. "మేడమ్ గారూ, మీటరుంది కదా. నా చెయ్యి పట్టుకుని చూడండి. అబద్ధం వోల్టులెన్నో చెప్పుద్దేమో."

నేను చూసింది మాత్రమే చెప్పాను: రాగి, లక్క, తీగముక్క. ఎవరు చేశారో చూడలేదని కూడా చెప్పాను. ఆ చివరి మాటను ఎవరూ వినలేదు. అమావాస్య తిరుగుడు అయ్యాక అతన్ని దిబ్బ దింపెయ్యాలని, అంతవరకు షెడ్డు గడప తొక్కనివ్వకూడదని తీర్మానించారు. దిబ్బ దింపడం అంటే పడవ ఎక్కించడమే. ఏ లంకలో దిగినా, ఎవరు నువ్వు అని అడిగితే పూచీ పడేవాళ్ళు ఉండరు.

నూకరత్నం గారు పంచాయితీలో ఒక్క మాట మాట్లాడలేదు. గొంతు దాచుకుంటున్నారని అందరూ అనుకున్నారు.

త్రయోదశి

ఈ రోజు జరిగినది ఉన్నదున్నట్టు రాస్తాను.

శబ్దం పరీక్షించాలి. ఇక్కడి నియమం తెలియనివారికి: గొంతుబండి కదిలిన దగ్గర నుంచి ఆగేదాకా మైకు తెరిచే ఉండాలి. మాటకూ మాటకూ నడుమ గొంతు తీసే ఊపిరి కట్ట పొడుగునా వినిపించాలి. ఊపిరి ఎడతెగకుండా వినిపిస్తే, దూరపు ఇళ్ళవాళ్ళు కూడా ముఖం చూడకుండానే మాట నమ్మి పడవలు సర్దుకుంటారు. ఒక్క క్షణం తెగినా అది తెగిన గొంతు. నడుమ ఎవరైనా మార్చారేమోనన్న అనుమానంతో ఎక్కడివాళ్ళక్కడే ఆగిపోతారు. మళ్ళీ ఒడ్డుకు వచ్చి, ముఖం చూసి, ప్రశ్న అడిగితేగాని కదలరు.

నూకరత్నం గారు మైకు పట్టుకుని కూర్చున్నారు. హార్నుల్లోంచి ఊపిరి వచ్చింది. కానీ అష్టమినాడు పని అయ్యాక మైకు తెరిచి చూసినప్పుడు విన్న ఊపిరి కాదది. అప్పుడు మెత్తగా ఉంది, ఇప్పుడు బుస్సుమంటోంది. ఆంప్లిఫయరు సర్దుబాట్లేవీ మారలేదు. హార్నులు అవే. మిగిలింది మైకు. దాని తలకు గాలిచప్పుడు ఆపడానికి నల్లటి స్పాంజి తొడుగు ఉంటుంది. కిందివైపు ఆ తొడుగు లేదు. కత్తెరతో తిన్నగా కోశారు.

రాగి బద్ద కింద కుక్కిన నల్లటి మెత్తటి ముక్క నా సంచిలోనే ఉంది.

ఆ మైకును ఈ దిబ్బ మీద ఆవిడ తప్ప మరొకరు ముట్టుకోరు. చేత్తో తుడవడం కూడా ఆవిడే చేసుకుంటారు.

బండి ఆపి, ఇద్దరమే ఉన్నప్పుడు ఆ ముక్కను ఆవిడ ఒడిలో పెట్టాను. ఆవిడ మైకు తలకు దాన్ని ఆనించి చూసుకున్నారు. సరిగ్గా అమరింది.

"మీరే చూపించారు కదండీ, ఆపేసేది ఏదో" అన్నారు.

"మీకు చెడు చెయ్యాలని చూపించలేదమ్మా."

"నాకు తెల్సు." ఆవిడ మైకును ఒడిలో పెట్టుకున్నారు. "కిందటి వానల్లో చిలకలంక దగ్గర ఫ్యూజు పోయిందండీ. అప్పుడు ఒక్క బ్యాటరీయే. వీడు, ఏసుపాదం, కొత్తది వేసేదాకా ఎంతసేపని! తమలపాకు నమిలినంతసేపు. మళ్ళీ చెప్పాను. ఊపిరి తెగింది కదా, ఒక్కళ్ళూ కదల్లేదు. ముఖం చూపిద్దామని దిగి మోకాల్లోతు నీళ్ళలో పరిగెత్తాను. మా చెల్లెలిది ఆ లంకేనండీ. అరుగు మీద నిలబడి ఉంది, నాకు కనపడతానే ఉంది. 'అక్కా, నువ్వేనా? ఎన్ని వేళ్ళు?' అని చెయ్యెత్తి అరిచింది. చెప్పాను. అప్పటికే నీళ్ళు ఒచ్చేసాయి."

తెగిన గొంతు మాట ఈ దిబ్బ మీద ఎవరూ ఎత్తరు, అపశకునం. అందుకే నాకు ఎవరూ చెప్పలేదు.

"మా అంతట మేం తెచ్చుకున్న నియమమే. తప్పు దానిదీ కాదు" అన్నారావిడ. "ఆపేదాన్ని లేకుండా చేస్తే చాలనుకున్నాను. ఆంప్లిఫయరు కూడా ఆపబుద్ధి కాదండీ. ఆపితే టప్పుమంటది, ఫ్యూజు పోయినప్పటి ఆ చప్పుడే."

"ఏసుపాదాన్ని దిబ్బ దింపుతున్నారు."

"ఆయ్. నోరు పెగల్లేదు." ఆవిడ లేచారు. "ఇప్పుడు చెప్తాను. గొంతు అబద్ధం ఆడిందంటే అమావాస్యనాడు నన్నెవరు నమ్ముతారండీ?"

"అబద్ధం ఆడలేదు, మాట్లాడలేదంతే. కానీ అమావాస్యకు మీరు మాట్లాడే తీరాలి. ముందు అతని విషయం తేల్చి రండి. ఈలోపు నేను తీగలు చూస్తాను."

ఆవిడ గవర్రాజు గారి ఇంటివైపు నడిచారు. అక్కడ ఏం మాటలు జరిగాయో నేను వినలేదు. కొంతసేపటికి గవర్రాజు గారు వచ్చి, షెడ్డు గడప దగ్గర నిలబడి, ఏసుపాదం మీది తీర్మానం రద్దయిందని చెప్పి, నా గాజుల మూట నా చేతిలో పెట్టారు. నేను దాన్ని మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టాను, పని ఇంకా అయిపోలేదని.

చతుర్దశి

ఫ్యూజు లేని బండిని కదలనివ్వను. గొంతును తెంపే ఫ్యూజునూ పెట్టను. ఈ రెండు మాటలూ నిలబెట్టడానికి ఈ రోజంతా పట్టింది.

ఆలోచన చిన్నది. ఇంతవరకు ఒక తీగ, ఒక ఫ్యూజు, ఒక ఆంప్లిఫయరు, నాలుగు హార్నులు. ఒకటి తెగితే అన్నీ తెగుతాయి. దిబ్బ కొట్టులో మూలన పడి ఉన్న పాత ఆంప్లిఫయరును తీసి దుమ్ము దులిపాను. రెండో బ్యాటరీ నుంచి రెండు దారులు వేశాను. ఒక్కొక్క దారికి తన ఫ్యూజు, తన ఆంప్లిఫయరు, తన జత హార్నులు. మైకు బలం పెంచే చిన్న పెట్టెకు రెండు దారుల నుంచీ కరెంటు అందుతుంది, అయితే ఒకవైపుకే పోనిచ్చే డయోడ్ల గుండా. ఒక దారి చచ్చినా రెండోది ఆ పెట్టెను బతికిస్తుంది, చచ్చినదాని జబ్బు మాత్రం అంటించుకోదు. పలచబడ్డ లావు తీగను తీసేసి కొత్తది లాగాను. దాని రెండు చివరలా ఫ్యూజులు ఎప్పటిలాగే. బుష్‌ను ఈసారి బంకతో అతికించాను. తీగలు కలిపేటప్పుడు ఎర్తును చివరన కలిపాను. విప్పేవారు దానినే ముందు విప్పండి.

ఏసుపాదం సాయం చేశాడు. సుత్తి నా చేతికి ఇస్తూ, "మేడమ్ గారూ, నా మీద ఇంకా అనుమానం ఉంటే చెప్పండి, నన్ను కూడా రెండు దారులు చేసేస్తే సరిపోద్ది" అన్నాడు.

"నేను ముందు మిమ్మల్నే అనుమానించానండీ. మీటరుతో అందరినీ కొలవాల్సింది, ఒకరిని వదిలేశాను."

"ఎవరైనా వదిలేస్తారండీ ఆవిడ్ని. నేనూ వదిలేసాను." స్క్రూ బిగిస్తూ నావైపు చూడకుండానే అన్నాడు. ఈసారి దాన్ని గుర్తు పెట్టుకోలేదు. ఏ పనైనా శ్రద్ధగా చేసేవాళ్ళు చేతివైపే చూస్తారు.

నూకరత్నం గారిని సీట్లో కూర్చోబెట్టి, మైకు తెరిచి, చెప్పకుండానే ఒక దారి ఫ్యూజు పీకాను. ఆవిడ ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకున్నారు. హార్నుల్లో ఊపిరి సగానికి సన్నబడింది. కానీ తెగలేదు. ఆ సన్నటి ఊపిరిని ఆవిడే వింటూ చాలాసేపు కూర్చున్నారు.

"మళ్ళీ పీకండి" అన్నారు. ఎన్నిసార్లు అడిగారో, అన్నిసార్లూ పీకాను.

అమావాస్య

ఆచారం ప్రకారం నేనూ బండెక్కాను. ముందు ఏసుపాదం, వెనక ఆవిడ, ఆవిడ కాళ్ళ దగ్గర నేను, నా పక్కన రెండు ఆంప్లిఫయర్లు.

అంచనా తప్పలేదు. గాలి పోటుకు తోడయింది. కట్ట ఒరుసుకుని అలలు లేస్తున్నాయి. లంకల్లో దీపాలు కదలడం, పడవలు విప్పడం కనిపిస్తూనే ఉంది. ఆవిడ చెబుతున్నారు, ఊపిరి తీస్తున్నారు, చెబుతున్నారు. కోడిగడ్డ దాటే దాకా మేము చెయ్యవలసింది ఏమీ లేదు.

పీతలంక మలుపు దగ్గర అల కట్ట దాటి బండి పక్కను కొట్టింది. తలుపు సందులోంచి ఉప్పునీళ్ళు లోపలికి చిమ్మి కుడివైపు ఆంప్లిఫయరు మీద పడ్డాయి. చిన్న చప్పుడు. ముక్కుకు కొంచెం కమురు వాసన. గొంతు సగానికి సన్నబడింది.

ఆవిడ నావైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను: తెగలేదు, చెప్పండి. ఆవిడ ఊపిరి తీశారు. ఎడమ హార్నులు ఆ ఊపిరిని నీళ్ళ మీదకు పంపాయి.

పీతలంకలో కదులుతున్న దీపాలు ఎక్కడివక్కడే ఆగిపోయాయి.

ఏసుపాదం బండి ఆపాడు. లంక పెద్ద పోలయ్య తాత లాంతరు ఎత్తుకుని కట్ట మీదకు ఎక్కాడు. వెనక ఇద్దరు ముగ్గురు. మిగిలినవాళ్ళు పడవల దగ్గరే ఆయన మాట కోసం నిలబడ్డారు.

"ఎవరిదీ గొంతు? సన్నబడిందేం?" అని కేక వేసి, లాంతరు వెలుగులో చెయ్యి ఎత్తి చూపించాడు. "ఎన్ని వేళ్ళు?"

"మూడు, మావయ్యా. ఒకటి మడత పడిపోయి ఉంది, నిరుడు మోకు నరం తెంపింది." ఆవిడ మైకు నోటి దగ్గర నుంచి తియ్యలేదు. ఆ మాట లంకంతా వినిపించింది.

"మరి గొంతు సగమెందుకయింది? తెగిందా?"

నేను కుడి దారి ఫ్యూజు విప్పి ఆవిడ చేతికిచ్చాను. అద్దం లోపల నడుమ తీగ కాలి నల్లబడి ఉంది. ఆవిడ దాన్ని కిటికీలోంచి చాపారు. పోలయ్య తాత లాంతరు దగ్గర పెట్టి చూసి, వెనకవాళ్ళకిచ్చాడు. వాళ్ళు దాన్ని చేతులు మార్చుకుంటూ చూశారు. ఫ్యూజు అనేదాన్ని వాళ్ళెప్పుడూ చూడలేదట.

"కాలిపోయింది కదే!"

"ఆయ్. అది కాలబట్టి నేను కాల్లేదు." ఆవిడ గొంతు సగం హార్నుల్లోంచే, అయినా నిండుగా వచ్చింది. "ఊపిరి తెగిందేమో మీవోళ్ళనడగండి. తెగలేదు. లెగండి మావయ్యా, నీళ్ళొస్తన్నాయి."

తాత ఒక్క క్షణం చెవి ఒగ్గి నిలబడ్డాడు. మాటలు లేనప్పుడు హార్నులోంచి ఏమి వస్తుందో విన్నాడు. తర్వాత వెనక్కు తిరిగి, పడవలవైపు లాంతరు పైకీ కిందకీ ఊపాడు.

దీపాలు కదిలాయి.

పాడ్యమి

పీతలంకవాళ్ళు అందరూ తూర్పు దిబ్బ చేరారు.

కుడివైపు ఆంప్లిఫయరును మంచినీళ్ళతో తుడిచి ఆరబెట్టాను, బతకవచ్చు. తలుపు సందుకు కొత్త రబ్బరు, ఆంప్లిఫయర్లకు మూతలు అవసరం. కుడి దారికి కొత్త ఫ్యూజు వేశాను. పాతది పోలయ్య తాత తిరిగి ఇవ్వలేదు. అడగలేదు కూడా.

గొంతు సీటు కింద, చెయ్యి చాపితే అందేచోట, తోలుసంచిలో అదనపు ఫ్యూజులు పెట్టాను. వాటిని లెక్క చూసుకునే పని తనదేనని నూకరత్నం గారు చెప్పారు. సంచికి ముద్ర వెయ్యలేదు.

గాజులు వేసుకున్నాను.